డిసెంబర్ నాలుగున వాన అడగొచ్చునా?

సూర్యాపేటలో చరిత్ర చెప్పి రిటైరైన లెక్చరర్ ఒకరు. ఆయన భార్య తమ్ముడిది మిర్యాలగూడ పక్క పల్లె, సాగర్ ఎడమ కాల్వ కింద వరి చేస్తాడు. మార్గశిరంలో చుట్టాల పెండ్లికి ఇద్దరూ కోదాడ వచ్చారు. భోజనాలయ్యాక బావగారు సంచిలోంచి ఒక పుస్తకం తీయడంతో మొదలైన వాదన అప్పగింతల దాకా సాగింది. నేను పక్క కుర్చీలో ఉన్నాను. ఎకసెక్కాలు, పెండ్లి కబుర్లు తీసేస్తే మిగిలింది ఇది.

బామ్మర్ది: పెండ్లికి పుస్తకం తెచ్చుకునేటోన్ని నిన్నొక్కన్నే చూసిన బావా. ఏందది?

బావ: మన తెలుగు యూదుల మీద. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం అని ఊరున్నది. అక్కడ కొన్ని కుటుంబాలు తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిం సంతతి అంటరు. బెనె ఎఫ్రాయిం అని పేరు పెట్టుకున్నరు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అని ఇద్దరు పరిశోధకులు రాసిన్రు, 2013ల ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేసిన్రు.

బామ్మర్ది: మనోళ్లే యూదులైన్రా, యూదులే మనోళ్లైన్రా?

బావ: పుస్తకమంతా ఆ ప్రశ్న చుట్టే తిరుగుతది. మాదిగ సమాజం నుంచి వచ్చిన కుటుంబాలవి. అంతకుముందు బాప్టిస్టు చర్చికి పోయేటోళ్లు. షముయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అని అన్నదమ్ములు 1980ల నుంచి వాళ్లను కూడగట్టి, సబ్బాతు, హీబ్రూ మొదలువెట్టించిన్రు. తర్వాత సినగాగ్, అంటే ప్రార్థన మందిరం, కట్టుకున్నరు. మా తాతలు పశుమాంసం తిన్నరు, శవాన్ని కాల్చకుండ పూడ్చిన్రు, ఊరు మమ్మల్ని వెలివేసింది అందుకే గాని మేం తక్కువోళ్లమై కాదు అని వాళ్ల వాదం. ఎక్కువమంది పొలం పనులకు పోయి బతికేటోళ్లే. నాకు ఇది చదువుతుంటే ఒక అనుమానమొచ్చింది. నువ్వు రైతువు గనుక నిన్నే అడుగుత. యూదుల ప్రార్థన పుస్తకంల వాన అడిగేదానికి ఒక తేదీ ఉన్నది. ఇజ్రాయెల్‌ల ఉండేటోళ్లకు వేరే. బయట ప్రపంచంల ఎక్కడున్నా డిసెంబర్ నాలుగు సాయంత్రం నుంచి పస్కా పండుగ దాకా. ఏప్రిల్ అనుకో.

బామ్మర్ది: డిసెంబర్ నాలుగా! కల్లంల వడ్లు పోసుకొని వాన రమ్మని మొక్కుతరా ఎవరన్నా?

బావ: రోజుకు మూడుసార్లు. లేచి నిలబడి, యెరూషలేము దిక్కు తిరిగి చేసే ప్రార్థనను అమీదా అంటరు. అందుల పందొమ్మిది దీవెనలు. తొమ్మిదోది ఆ ఏడాది పంటల మీద. ఆ పొద్దు నుంచి అందుల మంచునూ వాననూ అడిగే మాట చేరుతది. శనివారం ఒక్కటే ఉండది, సబ్బాతునాడు అక్కరలు అడగరు గనుక.

బామ్మర్ది: నాకు అర్థం కాలే. ఆ రోజు నేను వడ్ల కొనుగోలు సెంటర్ల ఏం చేస్తనో నీకెరుకేనా? తేమ మిషన్ చెయ్యివట్టుకొని నిలవడత. పదిహేడు శాతం దాటితే తూకం వెయ్యరు. కొద్దిగ మబ్బు పడితే పట్టాల కోసం ఉరుకుడే. రెండు దినాలు ముసురు వట్టిందనుకో, కింది వడ్లు మొలకొస్తయి, రంగు మారుతయి. మిల్లోళ్లు క్వింటాల్‌కు ఎంత కోస్తరో ఆళ్ల ఇష్టం. ఆ చేబ్రోలు దిక్కు కూడ అదే టైం కదా, కోతలు, కుప్పలు. అసుంటి రోజు నిలవడి వాన ఇయ్యి అని దేవునికి చెప్పుడంటే, నోటితోని ఒకటి, కడుపుల ఒకటి.

బావ: 2023ల మిచౌంగ్ తుఫాను గుర్తున్నదా?

బామ్మర్ది: ఎందుకుండదు. బాపట్ల కాడ ఒడ్డు దాటింది. గుంటూరు దిక్కు వరి అంత నీళ్లల్ల పండుకున్నది.

బావ: అది దాటింది డిసెంబర్ అయిదు పగలు. మరుసటేడు లీపు సంవత్సరమైతే ఈ వాన ప్రార్థన నాలుగున కాదు, అయిదున మొదలైతది. అంటే ఆ ఏడు సరిగ్గ ఆ సాయంత్రమే. పగలు తుఫాను బాపట్ల దాటింది, పొద్దూకినంక ప్రపంచంల ఇజ్రాయెల్ బయటున్న యూదులంత వాన అడుగుడు షురూ చేసిన్రు.

బామ్మర్ది: అగో! ఇంకేం కావాలె నా మాటకు సాక్ష్యం?

బావ: ఆగు. సాక్ష్యమంటే తొందరపడొద్దు. ఆ తేదీ ఎట్ల వచ్చిందో విను. యూదు గురువుల చర్చలున్న తల్మూదుల తానిత్ అని ఒక భాగం ఉన్నది, ఉపవాసాల మీద. సగం వానల ముచ్చటే. ఇశ్రాయేలు దేశంల పర్ణశాలల పండుగకు అందరూ యెరూషలేముకు నడిచిపోయేటోళ్లు. పండుగ అయిపోంగనె వాన అడగాలె, ఎందుకంటే విత్తనాల కాలం. కాని రబ్బన్ గమలియేలు ఏమన్నడంటే, పదిహేను రోజులు ఆగుండ్రి. అందరికన్న దూరం నుంచి వచ్చినోడు యూఫ్రటీసు నది కాడికి చేరాలె, తొవ్వల తడవొద్దు.

బామ్మర్ది: దేశమంతటి పంట ఒక బాటసారి కోసం పదిహేను దినాలు ఆగిందా? బాగున్నది.

బావ: దేశం బయటోళ్లకు, అంటే అప్పట్ల బబులోనుల ఉన్నోళ్లకు, శరత్కాలం మొదలైన అరవై రోజులకు అన్నరు. బబులోను పల్లపు దేశం. టిగ్రిస్, యూఫ్రటీసు, వాటి కాల్వలు. వాన లేకున్నా కోత కోసుకునే దేశం, ఎంత సంపదగలదో అని అక్కడి గురువే ఒకాయన మురిసిపోయిండు. తొందరగ వాన అవసరం లేదు. అందుకే ఆలస్యంగ అడిగేది.

బామ్మర్ది: అయితే నాది బబులోనే బావా. ఎడమ కాల్వల నీళ్లిడిస్తే నాకు ఆకాశం దిక్కు చూసే పనే లేదు. నీ సూర్యాపేట దిక్కు కాల్వ అందని చేన్లకు పోతే అది యూదయ దేశం, మొగులు కురిస్తేనే గింజ.

బావ: ఆ మాట వాళ్ల మూల గ్రంథం తోరాలనే ఉన్నది, పోలిక వేరే గాని. ఐగుప్తుల కూరతోట తడిపినట్టు కాళ్లతోని నీళ్లు పారించుకున్నరు, మీరు పోయే నేల మాత్రం ఆకాశపు నీళ్లు తాగుతది అని మోషే జనానికి చెప్తడు. మీ ఎడమ కాల్వ, గుంటూరోళ్ల కృష్ణా డెల్టా ఐగుప్తు, బబులోను లెక్క. ఇప్పుడు చెప్పు. పద్ధతి ప్రకారం కొత్తరెడ్డిపాలెం బబులోను తేదీ పట్టుకునుడు తప్పెట్లైతది?

బామ్మర్ది: తప్పే. బబులోనుల డిసెంబర్‌ల విత్తనం భూమిల ఉండె. మాకు డిసెంబర్‌ల గింజ భూమి మీద ఉంటది. కాల్వ ఒక్కటే చూస్తవేంది, కాలం చూడు. ఇంకోటి, నువ్వే ఇప్పుడు చెప్పినవు. బబులోనోళ్లు ఇశ్రాయేలు దేశం కోసం అడగలే. వాళ్ల సొంత పొలాల లెక్క చూసుకొని తేదీ పెట్టుకున్నరు. లేకుంటే రెండు తేదీలెందుకు? అంటే ఆ తేదీ పెట్టినోడే నా దిక్కున్నడు.

(బావగారు ఇక్కడ కిళ్లీ కోసం లేచారు. సమాధానం వెతుక్కోవడానికి లేచారనే నా అనుమానం. బామ్మర్ది పట్టుకున్న పాయింటు గట్టిది. ఏడు వందల ఏళ్ల కింద ఒక మహా పండితుడు సరిగ్గా దీన్నే పట్టుకున్నాడని బావగారికి తెలుసు, తిరిగొచ్చాక చెప్పక తప్పలేదు.)

బావ: నీ మాట కొత్తది కాదు. జర్మనీల పుట్టి, అక్కడ యూదుల మీద దాడులకు తాళలేక స్పెయిన్‌ల తొలేదో నగరానికి పోయిండు ఆషెర్ బెన్ యెహియేల్ అని, రోష్ అంటరు పొట్టిగ. బబులోను తేదీ మనకెందుకు, వాళ్ల దేశం వేరు, మన దేశం వేరు అన్నడు. ఫ్రాన్స్ దక్షిణాన ప్రోవెన్స్‌ల వాళ్లు బబులోను లెక్క వదిలేసి ముందుగనే వాన అడుగుడు కళ్లతో చూసిన, నాకు బాగనిపించింది అని రాసుకున్నడు. 1313ల స్పెయిన్‌ల కరువు. పస్కా దాటినా వాన అడుగుదాం, పంటకు ఇప్పుడే కావాలె అని పట్టువట్టిండు.

బామ్మర్ది: అడిగిన్రా మరి?

బావ: ఊరోళ్లు ఒప్పుకోలే. అంత పండితుడు, ఆయన తీర్పుల మీద తరువాత శాస్త్రమంత నిలవడ్డది, అయినా ఊరోళ్లు మా ఆచారం మారదన్నరు. ఆయన కూడ చివరికి పట్టు సడలించిండు.

బామ్మర్ది: ఓడిపోయిండంటే తప్పు అన్నట్టు కాదు.

బావ: కాదు. కాని ఎందుకు ఓడిపోయిండో చూడు. ప్రతి ఊరు తన మబ్బు చూసుకొని తన తేదీ పెట్టుకుంటె, ఒక ఊరోడు ఇంకో ఊరి సినగాగ్‌ల నిలవడి ప్రార్థన చెయ్యలేడు. పుస్తకం ఒకటి కాకుంటె జనం ఒకటి కారు. వాళ్లకు రాజ్యం లేకుండె రెండువేల ఏండ్లు. పంచాంగం, ప్రార్థన, ఇవే వాళ్ల రాజ్యం.

బామ్మర్ది: మాటకు బాగుంది. ఆ పంచాంగం సరిగున్నదా?

బావ: అదొక కథ. శరత్కాలం మొదలంటే పగలు రాత్రి సమానమయ్యే రోజు, అక్కడ నుంచి అరవై రోజులు. సెప్టెంబర్ ఇరవై మూడు నుంచి లెక్కవెడితే నవంబర్ మూడో వారంల పడాలె. కాని వాళ్లు షముయేలు అనే గురువు లెక్క పట్టుకున్నరు, సంవత్సరమంటే 365 రోజుల ఆరు గంటలు. నిజం సంవత్సరం అంతకన్న పదకొండు నిమిషాలు తక్కువ. ఆ నిమిషాలు పేరుకొని పేరుకొని తేదీ డిసెంబర్‌లకు జరిగింది. 1900కు ముందు డిసెంబర్ మూడు, ఇప్పుడు నాలుగు, 2100 దాటితే అయిదు.

బామ్మర్ది: తప్పని తెలిసీ దిద్దుకోలే?

బావ: మనం దిద్దుకున్నమా? మన సంక్రాంతి పద్నాలుగు నుంచి పదిహేనుకు జరగలేదా? కారణం వేరే గాని, మనం కూడ నక్షత్రాల లెక్క వదల్లే. మృగశిర కార్తె జూన్ ఏడునో ఎనిమిదినో వస్తదని క్యాలెండర్ల చూసి విత్తనం కొంటవు. మృగశిర నాడు మబ్బు లేకున్నా కార్తె వచ్చిందనే అంటవు గదా.

బామ్మర్ది: అంట గాని, కార్తె వచ్చిందని దేవుణ్ని వాన అడగ. వాన రాకుంటె అడుగుత. మా దిక్కు రోకలికి కప్పను కట్టి, ఇంటింటికి తిప్పి నీళ్లు పోపిచ్చుకుంటరు, కప్పతల్లి అని. బాపనోళ్లతోని విరాటపర్వం చదివిస్తరు. అది కూడ ఆరుద్ర దాటి, మొలక మాడుతుంటే. అవసరం వచ్చినంకనే మొక్కు.

బావ: వాళ్లకు రెండూ ఉన్నయి. రోజు అడిగేది వేరు, కరువు మొక్కు వేరు. కార్తెలోపల వాన రాకుంటే ముందు పెద్దలు ఉపవాసం, తరువాత ఊరంత, ఒకదాని మీద ఒకటి పదమూడు ఉపవాసాల దాకా. వాన పడకుంటే పెండ్లిండ్లు, కొత్త ఇండ్లు కట్టుడు కూడ తగ్గించుకోవాలె. విచిత్రం ఏందంటే, ఏ ఆపద వచ్చినా కొమ్ము ఊది మొరపెట్టాలె, ఒక్క అతివృష్టికి మాత్రం పెట్టొద్దు అని పాత నియమం. వాన ఎక్కువైందని దేవునికి ఫిర్యాదు చెయ్యొద్దని.

బామ్మర్ది: ఆళ్లు ఉప్పెన చూడలే. 1977ల దివిసీమ చూస్తే ఆ నియమం రాయకపోదురు.

బావ: అదే చెప్పబోతున్న. తల్మూదు ఆ నియమం పక్కనే ఇంకోటి రాసింది. దేశం బయట, అంటే పల్లపు బబులోనుల, అతివృష్టికి కూడ మొరపెట్టాలె. అక్కడ వాన ఎక్కువైతే ఇండ్లే గోరీలైతయి గనుక. యెరూషలేముల కొండ మీద గుడిల ఉన్నోళ్లు కూడ దూరంల ఉన్న ఆ అన్నదమ్ముల్ని తలుచుకొని మొక్కేటోళ్లట.

బామ్మర్ది: ఇంకేం బావా! నేలను బట్టి శాస్త్రం మారుతదని నీ నోటితోనే అంటున్నవు.

బావ: మొర మారింది. రోజూ చేసే అమీదా మారలే. ఆ తేడానే నేను చెప్పేది. సరే, నీకే లాభమయ్యే ముచ్చట ఇంకోటి చెప్త. నీనెవె నగరం తెలుసు గదా, యోనాను చేప మింగిన కథల ఊరు. అక్కడి యూదులు ఇశ్రాయేలు దేశంల యూదా హనాసీ అనే పెద్ద గురువుకు కబురు పంపిన్రు. మాకు ఎండకాలం నడిమిట్ల కూడ వాన కావాలె. మేం ఎట్ల అడగాలె? విడిగ ఒక మనిషి అక్కరలెక్క అడగాల్నా, జనమంత కలిసి అడిగినట్టు పంటల దీవెనలనే అడగాల్నా?

బామ్మర్ది: మంచిగ అడిగిన్రు. ఏం చెప్పిండు?

బావ: మనిషి లెక్కనే అన్నడు. పంటల దీవెన ముట్టుకోవద్దు. పదహారో దీవెనల అడుగుండ్రి. మొర ఆలకించేటోనివి నువ్వు అని దేవుణ్ని పొగిడే దీవెన అది. పిల్ల పెండ్లి, పెద్దమనిషి రోగం, అప్పుల బాధ, ఎవని గోస వాడు తన మాటల్లో అడుక్కునే చోటు. నగరమంత కూడినా, వాన ముచ్చటల నగరం ఒక మనిషి కిందనే జమ.

బామ్మర్ది: నగరమంత ఒక్క మనిషా!

బావ: నగరమే కాదు, దేశమంత. 1565ల వెనిస్‌ల అచ్చయిన షుల్హాన్ ఆరూఖ్, యోసేఫ్ కారో రాసిన ధర్మశాస్త్రం, అదే తీర్పు ఖాయం చేసింది. నీనెవె లెక్క ఊరైనా, స్పెయిన్ లెక్క పెద్ద దేశమైనా, ఎండకాలం వాన కావాలంటే పదహారో దీవెనలనే. అందుకే అంటున్న. తెలుగు నేల కూడ ఒక మనిషే. జూన్‌ల వాన కావాలా, అడుగు, ఎవరూ కాదనరు, గాని పదహారో చోట. డిసెంబర్‌ల మాత్రం తొమ్మిదో చోట అందరితో గొంతు కలపాలె.

బామ్మర్ది: జూన్ ముచ్చట ఒప్పుకుంట. కావాలన్నది అడుగుడుకు ఒక చోటు ఇచ్చిన్రు, మంచిదే. నా గోస డిసెంబర్‌ది. వద్దన్నది అడుగుడు ఎట్ల? ఆ పదహారో చోట వాన వద్దు అని అడగొచ్చునా?

బావ: ఊఁ...

బామ్మర్ది: ఏడో దీవెన తర్వాత ఎనిమిది, తర్వాత తొమ్మిదిల వాన రావాలె అని, ఇంకో రెండు నిమిషాలైనంక పదహారుల నా వడ్లు తడవొద్దు అని. దేవుడు ఏది వినాలె?

బావ: ఆ ప్రశ్న కూడ అడిగిన్రు. బ్రెజిల్‌ల. 1630ల రెసిఫే పట్టణం డచ్చోళ్ల చేతికి వచ్చింది. అక్కడ చేరిన యూదులు సముద్రం అవతల సలోనికల ఉన్న హయీం షబ్బెతాయి అనే గురువుకు ఉత్తరం రాసిన్రు. అమెరికా ఖండాల నుంచి యూదు ధర్మశాస్త్రం మీద పోయిన మొదటి ప్రశ్న అదే అంటరు. మా దేశంల వానలు పస్కా నుంచి పర్ణశాలల పండుగ దాకా. మీరు వాన అడగమన్న నెలల్ల వాన పడితే మాకు నష్టం, రోగం. ఏం చెయ్యాలె?

బామ్మర్ది: అచ్చం మన లెక్కనే. మనకూ జూన్ నుంచి అక్టోబర్. డిసెంబర్ నుంచి ఏప్రిల్ అంటే పడకూడని కాలమే. ముందుగాల కుప్పలు, తర్వాత మిర్చి కల్లాలు, ఆఖరుకు యాసంగి కోతకు వడగండ్లు. ఏం చెప్పిండాయన?

బావ: నష్టం చేసే కాలంల ఆ వాన మాట అనొద్దన్నడు. కావలసిన కాలంల పదహారో దీవెనల అడగమన్నడు.

బామ్మర్ది: (చెయ్యి చాచి) ఇగ అయిపోయింది. లేవు.

బావ: కూసో. అందరూ ఆయన మాట పట్టుకోలే. ఇప్పుడు ఆస్ట్రేలియాల, అక్కడ కాలాలు మొత్తం తిరగబడి ఉన్నా, ఎక్కువమంది లోకమంతటి తేదీనే పాటిస్తరు. ఇంకో తేడా చూడు. రెసిఫే వాళ్ల తాతలను పోర్చుగల్ రాజు 1497ల బలవంతంగ క్రైస్తవులను చేసిండు. మూడు నాలుగు తరాలు చర్చికి పోయి, మళ్ల యూదులైన్రు. అయినా వాళ్లను యూదులుగనే లెక్కవెట్టిన్రు. రాసిన ఉత్తరానికి జవాబొచ్చింది. కొత్తరెడ్డిపాలెం వాళ్ల సంగతి అట్ల కాదు. మీరు యూదులేనా అన్నదే తేలలే. కొంకణ్ నుంచి ఇజ్రాయెల్ పోయిన బెనె ఇజ్రాయెల్ వాళ్లనే, శతాబ్దాల నుంచి సబ్బాతు పట్టేటోళ్లనే, అక్కడి రబ్బీలు పెండ్లికి వంశం అడిగి సతాయిస్తే 1964ల దాకా గొడవ నడిచింది. మణిపూర్, మిజోరంల యూదులమనేటోళ్లను 2005ల ఇశ్రాయేలు సంతతని రబ్బీ ష్లోమో అమార్ ఒప్పుకున్నడు గాని, మతం పుచ్చుకునే తంతు మాత్రం తప్పలే. అసుంటప్పుడు తెలుగు యూదులు మాకు వేరే తేదీ అంటే ఏమైతది? చూసిన్రా, వీళ్లకు ప్రార్థనే సరిగ రాదు అంటరు. స్థిరపడ్డోడు ఆచారం మార్చుకుంటే అది ఆచార భేదం. అనుమానంల ఉన్నోడు మార్చుకుంటే అజ్ఞానం.

(ఈ సాయంత్రం విన్న మాటల్లో నాకు బాగా పట్టిన మాట ఇది. బామ్మర్ది కూడా కాసేపు ఏమీ అనలేదు.)

బామ్మర్ది: ఇది మా ఊరి సంగతే చెప్తున్నవు బావా. పెద్ద కులపోడు ముహూర్తం తప్పితే ఇంటి ఆనవాయితీ. చిన్న కులపోడు తప్పితే వానికేం తెలుసు అని.

బావ: అందుకే వాళ్లు అందరికన్న గట్టిగ నియమం పట్టుకోవాలె అంటున్న. న్యాయమని కాదు, బతుకుతెరువని.

బామ్మర్ది: నేను అట్ల అన. ముందు నేల మీద ఎవడున్నడో చూడాలె. నువ్వే అన్నవు, ఎక్కువమంది కూలికి పోయేటోళ్లని. వాళ్లకు కుప్ప సొంతం కాదు. కోతలకు వాన అడ్డమొస్తే కూలి పోతది, నేలకు పడ్డ వరి కోసుడు మిషన్‌తోని కాదని మళ్ల కూలి దొరుకుతది. ఆసామికొకటి, కూలికొకటి, మిల్లుకొకటి. ఎవని లెక్కన అడగాలె వాన? ఈ పెండ్లికి వచ్చిన బస్సోన్ని అడుగు, వాన వద్దంటడు.

బావ: బస్సోని ముచ్చట కూడ ఉన్నది! యెరూషలేము గుడిల ప్రధాన యాజకుడు ఏడాదికొక్కసారి, ప్రాయశ్చిత్త దినాన, అతి పరిశుద్ధ స్థలంలకు పోయి బయటికొచ్చి చిన్న ప్రార్థన చేసేటోడు. అందుల ఒక కోరిక ఇది. వాన కావలసిన లోకానికి, వద్దనే బాటసారుల మొర నీ దగ్గరకు రానీయకు.

బామ్మర్ది: ఒక దిక్కు బాటసారి తడవొద్దని పదిహేను దినాలు ఆగుడు, ఇంకో దిక్కు బాటసారి మొర వినకు అనుడు!

బావ: రెండూ ఒకే శాస్త్రంల. పండుగకు నడిచొచ్చినోడు ఇల్లు చేరినంక, ఇగ వాని మాట నడవది. పంట మాట నడుస్తది.

బామ్మర్ది: పంట మాట నడవాలంటే డిసెంబర్‌ల వాన వద్దు. నేను మొదట అన్నదే. సరే, నీ దిక్కు ఒక మెట్టు దిగుత. ఆ తొమ్మిదో దీవెనల మాట ఎట్లుంటది, ఉత్త వాననా?

బావ: మంచునూ వాననూ దీవెన కోసం అని ఉంటది. వాన ఇయ్యి అని కాదు, దీవెనయ్యే వాన ఇయ్యి. నాకైతే నీ గోసకు జవాబు ఆ మాటలనే ఉన్నదనిపిస్తది. కల్లం మీద పడేది దీవెన కాదు గనుక అది అడిగినట్టే కాదు. నీ నోరు, నీ కడుపు ఒకటే.

బామ్మర్ది: అది వకీలు మాట. అట్లైతే సలోనిక గురువుకు కూడ ఆ మాట ఎరుకే గదా? దీవెన అని ఉన్నది, పర్వాలేదు, చదువుకోండ్రి అని ఎందుకు రాయలే? అనకుండ్రి అనే రాసిండు. పదం చాటున దాసుకోలే ఆయన.

బావ: (నవ్వి) నువ్వు లెక్చరర్‌వి కావలసింది.

బామ్మర్ది: నువ్వు రైతువు కావలసింది. నా తీర్పు విను. కొత్తరెడ్డిపాలెమోళ్లు రెసిఫేవోళ్ల లెక్క ఉత్తరం రాయాలె. మా నేల ఇది, మా కోతలు ఇప్పుడు, ఎట్ల అడగాలె వాన అని. జవాబు ఏదన్నా రానియ్యి. జవాబు ఇచ్చినోడు వాళ్లను యూదులని ఒప్పుకున్నట్టే. ఒప్పుకోనోడు, మీకు ఈ ప్రశ్నే లేదు అని రాయాలె. అదన్న తేలుతది.

బావ: జవాబు రాకుంటే?

బామ్మర్ది: రాకుంటే పదహారో చోటు ఎట్లాగూ ఉన్నది.

బావ: నాది కూడ విను. డిసెంబర్ నాలుగు మారొద్దు, అందరితో పాటు అనాలె. అయితే ఇందాక చెప్పకుండ దాటేసిన ముక్క ఒకటున్నది, చెప్పకుంటే అన్యాయమైతది. రోష్ ఓడిపోయిండన్న గదా. ఎండకాలం వాన కావలసిన దేశంల ఎవడన్నా పొరపాటున తొమ్మిదో దీవెనలనే వాన అడిగిండనుకో. మామూలుగ అయితే తప్పు మాట పడ్డది గనుక ప్రార్థన మళ్ల మొదటి నుంచి చెయ్యాలె. ఇక్కడ మాత్రం మళ్ల చెయ్యాలని షుల్హాన్ ఆరూఖ్ పట్టువట్టది. ఇష్టముంటే చేసుకో, అది కూడ అదనపు ప్రార్థన కిందనే అంటది. ఎందుకంటే రోష్ మాట నిజం కావచ్చునేమో అన్న సందు అట్లనే ఉంచిన్రు.

బామ్మర్ది: అంటే జూన్‌ల, మృగశిర దాటి వాన రాకుంటే...

బావ: ఒక తెలుగు యూదు రైతు నోరు జారి తొమ్మిదో దీవెనల వాన అడిగినా, ఆ ప్రార్థన చెల్లుతది.